పోనీ అంటే పోనిమ్మనేనా?

కిందటివారం మనం కోడల్ని లాండ్రీ వ్యాను స్టీరింగు ముందు, అరచేతుల్లో చెమటతో, నోరు తడారిపోయి ఉండగా వదిలేసి ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం, ఆమె అక్కడే ఉంది. మనకు వారం గడిచింది గానీ ఆమెకు రెప్పపాటు కూడా గడవలేదు.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఇస్త్రీ గదిలో నిచ్చెన మీంచి జారి, భర్త మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లాడ్జి దుప్పట్లు తెచ్చి, ఉతికి, మడతలు పెట్టి తిరిగి ఇవ్వడమే వాళ్ళ జీవనాధారం. పెట్టుకున్న డ్రైవరేమో వ్యాను తలుపు గోడకు రాసేసి, తాళాలు గూట్లో పడేసి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. సోమవారం పొద్దున వ్యాను తన గుమ్మంలో కనిపించకపోతే దుప్పట్లు ఇంకొకరికి ఇస్తానని లాడ్జి యజమాని తేల్చి చెప్పాడు. ఇక ఇంట్లో కాళ్ళూ చేతులూ సవ్యంగా ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు అత్తగారు. ఆవిడ "నాకు బ్రేకేదో బొంగరమేదో తెలీదు" అని ఊరంతా చాటుకునే మనిషి. రెండోది కోడలు, మూడేళ్ళ పిల్లకు తల్లి. ఒకసారి డ్రైవింగు పరీక్షకు వచ్చి, ఎత్తు మీద బండి వెనక్కి జారి పరీక్ష తప్పింది. ఇది రెండోసారి.

భర్త లాడ్జి యజమానిని బతిమాలుకోవడానికి వెళ్ళాడు. అత్తగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని మైదానం అవతల రేకుల షెడ్డు కింద కూర్చుంది. కోడలు బండెక్కబోయే ముందు అలవాటు కొద్దీ వంగి, నాలుగు చక్రాల కిందా చూసి, "ఎవరూ లేరు" అని పైకే అంది. అప్పుడు పక్క సీట్లోకి ఎక్కిన పరీక్షాధికారి తలుపు వేసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మొట్టమొదటి ప్రశ్న మొదలుపెట్టాడు.

"బండి కింద…"

గేటు బయట ఒక లారీ వచ్చింది. వెళ్ళిపోయింది.

"…ఎందుకు చూశారు?"

ఆయన్ని అందరూ నిదానం గారంటారు. కోడలికి నేర్పిన గేర్ల మాస్టారు ముందే చెప్పాడు. "చూడు చెల్లెమ్మా, ఆయన మాట సగం ఇవాళ వస్తే సగం రేపొస్తుంది. మనం మధ్యలో దూరకూడదు. ఇంకోటి, కావాలని పెన్ను కింద పడేస్తాడు. నువ్వు దానికేసి చూశావో, అయిపోయావే! వెళ్ళకూడని వీధిలోకి వెళ్ళమంటాడు. వెళ్ళావో, అంతే సంగతులు."

కోడలు ఆయన చేతిలో పెన్నునే చూస్తూ జవాబు చెప్పింది. "మా ఇంట్లో చిన్నపిల్ల ఉందండీ. వ్యాను నీడలో కూర్చుని ఆడుకుంటుంది. అందుకని ముందు కింద చూసి, ఆ తర్వాతే తాళం తిప్పుతాను."

"ఈ మైదానంలో…" నిదానం గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ పిల్ల లేదుగా?"

"లేదండీ. ఎవరి పిల్లో ఉండొచ్చుగా?"

ఆయన ఆమె వంక తిరిగి చూశాడు. కోపమా, మెప్పా, అరుగుదల లేకనా అన్నది ఆ ముఖంలో ఏమీ రాసిలేదు. "ఎవరు నేర్పారు?"

"మా అత్తగారండీ."

"ఆవిడ నడుపుతారా?"

"ఆవిడా!" కోడలికి అంత భయంలోనూ నవ్వొచ్చింది. "ఆవిడ కుట్టుమిషను కూడా తొక్కదండీ."

ఆయన "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఏ ఊఁ అన్నది తెలుసుకోవాలని కోడలికి ఎంతో కుతూహలం. చిన్నప్పటినుంచీ ఆమెకు అదే జబ్బు. బడి మానిపించినప్పుడు కూడా ఆమె ఏడ్చింది చదువు పోయినందుకు కాదు, సగంలో ఆగిన పాఠంలో తర్వాత ఏం జరిగిందో తెలీనందుకు.

పరీక్ష మొదలైంది. మైదానం చివర నిలబెట్టిన బండి నంబరు చదవమన్నాడు, చదివింది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. "బ్రేకు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?" అని అడిగితే, "కదిలీ కదలగానే ఒకసారి నొక్కి చూస్తానండీ, కూరలో ఉప్పు చూసినట్టు" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం పెన్నుతో ఏదో గీసుకున్నాడు. పెన్ను కింద పడలేదు.

వెనక్కి నడిపి రెండు కర్రల మధ్య పెట్టమన్నాడు. ఇదంటే మొన్నటిదాకా ఆమెకు సింహస్వప్నం. కానీ దుప్పటి మడతపెట్టే మనిషికి అంచుకు అంచు కలపడం ఎవరైనా నేర్పాలా? ఈ అద్దంలో ఒక అంచు, ఆ అద్దంలో ఒక అంచు. తొందరపడితే మూల నలుగుతుంది, అంతే. వ్యాను బుద్ధిగా వెళ్ళి కర్రల మధ్య కూర్చుంది.

ఆ తర్వాత ఎత్తు వచ్చింది. కిందటిసారి పరువు తీసిన ఎత్తు. సగంలో ఆపమని, మళ్ళీ కదలమన్నాడు. హ్యాండు బ్రేకు మీద చెయ్యి, క్లచ్ మీద కాలు. తొట్టిలోంచి తడి దుప్పటి పైకి లాగేటప్పుడు బరువు చేతికి తెలిసే క్షణం ఒకటుంటుంది. అంతకుముందు లాగితే జారుతుంది, ఆలస్యమైతే మునుగుతుంది. ఆ బరువు కాలికి తెలిసేదాకా ఆగింది. వ్యాను ముక్కు కాస్త పైకెత్తింది. బ్రేకు వదిలింది. అంగుళం కూడా వెనక్కి జారకుండా బండి మెట్టెక్కినట్టు ఎక్కేసింది.

కోడలికి కేకపెట్టాలనిపించింది. పక్కన నిదానం గారు కిటికీలోంచి ఆకాశంకేసి చూస్తున్నాడు. ఈయన చూస్తున్నాడా లేదా? చూడకుండా మార్కులు ఎలా వేస్తాడు? అప్పుడు గమనించింది. ఆయన ఎడమకాలు కూడా క్లచ్ మీద ఉన్నట్టు మెల్లగా పైకి లేచి, ఆమె కాలితోపాటే కిందికి దిగింది. ఈయన కళ్ళతో కాదు, కాళ్ళతో చూస్తాడు!

"రోడ్డు మీదికి…" గేటు దాటేవరకూ మిగతా మాట రాలేదు. "…వెళ్దాం."

రోడ్డు మీద ఆమెకు భయం తగ్గిపోయింది. అదేం విచిత్రమో! మైదానంలో కర్రలు మనల్ని పరీక్షించడానికే పుట్టినట్టు నిలబడి ఉంటాయి. రోడ్డు మీద మనుషులకు మన గొడవే పట్టదు. ఒకడు సైకిలు మీద పాట పాడుకుంటున్నాడు. ఒక ముసలాయన దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు, ఆయన ఆలోచన తెమిలేదాకా ఆగింది. వెళ్ళకూడని వీధిలోకి వెళ్ళమని ఎవరూ అనలేదు. గేర్ల మాస్టారు చెప్పిన పరీక్ష వేరు, ఇక్కడ జరుగుతున్న పరీక్ష వేరు.

సరిగ్గా ఆ ధైర్యంలోనే కొంప మునిగింది.

"ముందు ఫర్నిచరు కొట్టు ఉంది. దాని ముందు ఆపండి" అన్నాడాయన, విచిత్రంగా ఒకే ఊపిరిలో. ఆమె సిగ్నల్ వేసి, వేగం తగ్గించింది. తీరా చూస్తే కొట్టు ముందు తోపుడుబండి ఒకటి అడ్డంగా ఉంది. ఇద్దరు మనుషులు దాని మీంచి బీరువా దించుతున్నారు. ఇప్పుడేం చేయాలి? ఆమె పక్కకి చూసింది.

నిదానం గారు గడ్డం గోక్కున్నాడు.

"పోనీ…"

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. కోడలు అద్దం చూసి, తోపుడుబండి పక్కనుంచి వ్యానును పోనిచ్చింది. కొట్టు దాటింది. పక్క కొట్టూ దాటింది.

"…ఆ తోపుడుబండి వెనకే ఆపేయండి" అన్నాడు నిదానం గారు.

కోడలి కాలు బ్రేకు మీదికి దూకబోయింది. కానీ వెనక ఒక స్కూటరు వస్తోంది. కంగారుగా తొక్కితే అతనొచ్చి మీద పడతాడు. పంటి బిగువున అద్దం చూసింది, సిగ్నల్ వేసింది, కాస్త ముందు చోటు చూసుకుని పక్కకి తీసి నెమ్మదిగా ఆపింది. హ్యాండు బ్రేకు లాగింది. న్యూట్రల్లో పెట్టింది. అన్నీ చక్కగా చేసి, ఏడుపు ఒక్కటే మిగుల్చుకుంది.

"నేను…" అన్నాడాయన. "ఆపమన్నాను."

సోమవారం కళ్ళ ముందు కనబడింది. లాడ్జి మెట్ల మీద ఇంకొకరి బుట్టలు, కట్టు చేత్తో గుమ్మంలో నిలబడ్డ భర్త. ఏడుపు కాస్తా మధ్యదారిలో కోపమైపోయింది.

"మీరు పోనీ అన్నారండీ!"

"పోనీ అంటే… పోనిమ్మని కాదమ్మా."

"పోనీ అంటే పోనీయక ఇంకేం చేస్తారండీ ఎవరన్నా?"

"పోనీ అంటే… అది కుదరకపోతే పోనీలే, ఇలా చేద్దాం అని."

"అది ఇంట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నప్పుడండీ! స్టీరింగు పట్టుకున్న మనిషికి పోనీ అంటే ఒకటే అర్థం. మీరు మాట సగంలో ఆపేసి, బండిని నిండుగా ఆపమంటే ఎలాగండీ? మా అత్తగారు రోజూ పక్కన కూర్చుని అదే మాట. పోనీ అంటే కదలాలి, చాలు అంటే ఆగాలి. ఇలా వేలి కణుపుతో కొట్టి మరీ…"

అని కొట్టబోయి, తను ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకేముంది, పరీక్ష గంగలో కలిసింది, పైపెచ్చు పరీక్షాధికారి మీద నోరు పారేసుకున్నందుకు మూడోసారి కూడా గంగలోకే.

నిదానం గారు కదలకుండా కూర్చున్నాడు. ఈసారి ఆయన ఆలస్యం మాటకోసం కాదు, మనసులోనే ఎక్కడికో వెళ్ళి వస్తున్నాడు.

"ఎక్కడ కొడతారు?" అన్నాడు.

"ఏంటండీ?"

"మీ అత్తగారు. వేలి కణుపుతో." నడివేలు మడిచి, ఎదురుగా ఉన్న డ్యాషుబోర్డు మీద, గాలి వచ్చే జల్లెడ పక్కన, పొడుగ్గా ఒకటీ పొట్టిగా ఒకటీ కొట్టాడు. టాక్. టక్. "పోనీ."

కోడలి ఎడమకాలు దానంతటది క్లచ్ మీదికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఆ కాలి వంక చూశారు. నిదానం గారు నవ్వాడు. ఆ ముఖానికి నవ్వు కూడా ఉందని గేర్ల మాస్టారికి తెలిసి ఉండదు.

"నాకూ…" అన్నాడు, "…ఇప్పటికీ కదులుతుందమ్మా."

"మీకెలా తెలుసండీ ఆ దెబ్బ?"

"ముందు పరీక్ష పూర్తి చేద్దాం. మైదానానికి…" ఆమె ఈసారి పెదాలు బిగించి, మాట పూర్తయ్యేదాకా కదల్లేదు. ఆయన కూడా అది గమనించినట్టున్నాడు. "…పోనివ్వండి. పోనిమ్మనే అంటున్నాను."

ఆ తిరుగుదారి ఆమె ఎలా నడిపిందో ఆమెకే తెలియాలి. కళ్ళు రోడ్డు మీద, కాళ్ళు వాటి పనిలో, బుర్ర మాత్రం తేనెతుట్టె. అత్తగారు నెలరోజులుగా ముందు సీట్లో కొడుక్కీ కోడలికీ మధ్య ఇరుక్కుని కూర్చుని, డ్యాషుబోర్డు మీద అలాగే కొట్టేది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. భర్త విసుక్కునేవాడు. "అమ్మా, నీకేం తెలుసని మధ్యలో?" అంటే, "నాకేం తెలుసురా నా తల! నోరూరుకోక అంటున్నా" అనేది. నోరూరుకోక అనే మాట అయితే, ఎత్తు మీద ఆగినప్పుడు, "ఆగు, బరువు తెలియనీ" అన్నదెవరు? భర్త కాదు. గేర్ల మాస్టారు కాదు. ఇన్నాళ్ళూ అత్తగారికి అది దుప్పట్ల దగ్గర అబ్బిన తెలివనుకుంది!

మైదానంలో ఇంజను ఆపాక నిదానం గారు అన్నాడు. "తోపుడుబండి పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఇంకాస్త ఎడం వదలాలి. బీరువా మోసే మనిషి ఎప్పుడు ఎటు అడుగేస్తాడో వాడికే తెలీదు."

"అలాగేనండీ." కోడలు బెల్టు విప్పుకుంది. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"ఎందుకు?"

"తప్పాను కదండీ. ఆపమన్నచోట ఆపలేదు."

"తప్పు దారిలో పోవడం తప్పు కాదమ్మా. తప్పుగా పోవడం తప్పు. మీరు అద్దం చూశారు, స్కూటరు వాణ్ణి చూశారు, చోటు చూసి ఆపారు." ఆయన తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, మళ్ళీ ఆగాడు. "మీరు…"

దేవుడా, ఈ మనిషి మాట!

"…పాసయ్యారు."

కోడలు స్టీరింగు మీద తల వాల్చేసింది. హారను మోగింది. షెడ్డు కింద కూర్చున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. అక్కడే అత్తగారి పక్కన కాచుక్కూర్చున్న గేర్ల మాస్టారు రెండు చేతులూ గాల్లోకి ఎగరేశాడు. సోమవారం వ్యాను లాడ్జి గుమ్మంలో ఉంటుంది! తనే తెస్తుంది. ఇంకొకరి బుట్టలు ఇంకొకరి గుమ్మంలోనే ఉంటాయి!

కానీ ఆనందం కడుపునిండా దిగకముందే కుతూహలం మెడపట్టుకుంది. గబగబా దిగి ఆయన వెంట నడిచింది. "ఇప్పుడు చెప్పండి. ఆ దెబ్బ మీకెలా తెలుసు?"

నిదానం గారు నడుస్తూనే చెప్పాడు. ఆయన పుట్టిన ఊళ్ళో ఒకే ఒక్క డ్రైవింగు స్కూలుండేది, దానికి ఒకే ఒక్క కారు. స్కూలాయన కూతురే నేర్పేది. పట్టుమని పాతికేళ్ళుండవు. మీసాలొచ్చిన కుర్రాళ్ళు కూడా ఆవిడ పక్కన కూర్చుంటే చేతులు కట్టుకునేవాళ్ళు. తిట్టేది కాదు, అరిచేది కాదు. టాక్, టక్, పోనీ. అంతే. ఊరంతా 'పోనీ టీచరమ్మ' అనేవాళ్ళు.

"నాకు అప్పుడు నత్తి. మాట సగంలో ఆగిపోయేది. అందరూ మధ్యలో అందుకునేవాళ్ళు. ఆవిడ ఒక్కతే… పూర్తయ్యేదాకా ఆగేది." ఆయన షెడ్డు వైపు కళ్ళు చిట్లించాడు. "తర్వాత ఒకరోజు స్కూలు మూసేశారు. కారు అమ్మేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆవిడ మళ్ళీ కనపడలేదు."

"మా అత్తగారు అయ్యుండదండీ. ఈ కణుపు దెబ్బ కలిసిందంతే. ఆవిడ కూడా బండి కింద చూసేవారా?"

"అదే నాకూ అర్థం కావడం లేదమ్మా." నిదానం గారు ఆగాడు. "ఆ రోజుల్లో ఆవిడ బండి కింద చూసేవారు కాదు."

షెడ్డు దగ్గరికి వచ్చేశారు. అత్తగారు మనవరాలిని భుజాన వేసుకుని లేచి నిలబడింది. కోడలి ముఖం చూసి, "గట్టెక్కావా?" అంది. కోడలు తలూపింది. అత్తగారి కళ్ళు మెరిశాయి, ఒక్క క్షణం. ఆ తర్వాత కోడలి వెనకున్న మనిషి మీద పడ్డాయి.

"టీచరమ్మా…" అన్నాడు నిదానం గారు.

అత్తగారి ముఖం ఇస్త్రీ చేసిన గుడ్డ అయిపోయింది. ఎక్కడా ముడత లేదు. "ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో మీరు. నాకు బ్రేకేదో బొంగరమేదో తెలీదు బాబూ."

"నేను… రెండో…"

ఆయన మాట ఆగిపోయింది. పక్కన గేర్ల మాస్టారు అందించడానికి నోరు తెరిచాడు. అత్తగారు చెయ్యెత్తి మాస్టారిని ఆపేసింది. ఎందుకు ఆపిందో ఆవిడకే తెలిసినట్టు లేదు. అందరూ నిలబడ్డారు. ఆవిడ ఆగింది. ఆయన మాట పూర్తయ్యేదాకా, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు ఆగింది.

"…రెండో బ్యాచి కుర్రాణ్ణి. నత్తివాణ్ణి."

అత్తగారు ఎత్తిన చేతిని తనే చూసుకుని, మెల్లగా దించుకుంది. "పిల్లకి ఆకలేస్తోంది, పదవే" అని కోడలితో అని, వెనక్కి చూడకుండా వ్యాను వైపు నడిచింది.

"పోనీ…" అన్నాడు నిదానం గారు వెనకనుంచి. కోడలు ఆగి, మిగతా మాటకోసం చూసింది. ఈసారి మిగతా మాట రాలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

వ్యాను దగ్గర కోడలు వంగి నాలుగు చక్రాల కిందా చూసింది. తలెత్తేసరికి అవతలి పక్కన అత్తగారు కూడా వంగి ఉంది. చక్రాల మధ్యనుంచి అత్తాకోడళ్ళ చూపులు కలిశాయి. అత్తగారి చూపు ఖాళీ నేల మీద లేదు. అక్కడ ఏదో ఉన్నట్టే చూస్తోంది.

"ఎవరూ లేరు" అంది కోడలు, మెల్లగా.

అత్తగారు ఎక్కి కూర్చుంది. నిద్రకు తూలుతున్న మనవరాలిని మధ్య సీట్లో సర్ది బెల్టు బిగించింది. కోడలు తాళం తిప్పింది. ఇంజను అందుకుంది, హ్యాండు బ్రేకు దించింది. పాసయ్యాక ఆమె నడపబోయే మొదటి దారి, ఇంటికి.

నడివేలు మడిచి, అత్తగారు డ్యాషుబోర్డు మీద కొట్టింది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

"పోనీ."

కాలు దానంతటది క్లచ్ మీదికి వెళ్ళింది. కోడలు దాన్ని అక్కడే ఆపేసింది. నెలరోజుల్లో మొదటిసారి, ఆ మాట విని బండి కదపలేదు.

"పోనీ అంటే ఏం పోనీ అత్తయ్యా? బండినా? ఆ సంగతినా?"

బ్రేకేదో బొంగరమేదో తెలీని ఆ మనిషి, పిల్ల కాళ్ళ మీదుగా చెయ్యి చాపి, చూడకుండానే హ్యాండు బ్రేకు పట్టుకుని, చప్పుడు లేకుండా పైకి లాగింది.

"ఇంజనాపు" అంది. "చెప్తాను. కానీ నీ మొగుడికి తెలియకూడదు. ఆ రోజు బండి కింద ఉన్నది వాడి అక్క."